తెలుగులో ఒప్పు, ఇంగ్లీషులో తప్పు

'సీత, గీత అక్కాచెల్లెళ్లు.' ఇది ఏ వాక్యమని తెలుగు సారు అడిగితే 'సంయుక్త వాక్యం' అని రాసిన పిల్లవాడికి మార్కు పడుతుంది. తరువాతి పీరియడ్‌లో అదే మాట ఇంగ్లీషులో వస్తుంది. 'సీత అండ్ గీత ఆర్ సిస్టర్స్.' ఇది కాంపౌండ్ అని రాస్తే ఇంగ్లీషు సారు ఎర్ర సిరాతో కొట్టేస్తారు. ఇద్దరు సార్లదీ ఒప్పే. మధ్యన మార్కు పోయేది ఏడో తరగతి పిల్లవాడికి.

చిక్కు ఎక్కడుందంటే, 'సీత అక్క, గీత చెల్లెలు' అనే రెండు సమాన వాక్యాలు కలిశాయి గనుక తెలుగు వ్యాకరణం దాన్ని సంయుక్తం అంటుంది. ఇంగ్లీషు వ్యాకరణం క్రియను లెక్క పెడుతుంది. పేర్లు ఇద్దరివి ఉన్నా పదిమందివి ఉన్నా, 'ఆర్' అనే క్రియ ఒక్కటే గనుక అది సింపుల్ వాక్యం. వాక్యం పొడుగును బట్టి కాంపౌండ్ అనుకోవడం పిల్లలు తరచుగా చేసే పొరపాటు.

కాంపౌండ్ కావాలంటే దేనికది నిలబడగల రెండు వాక్యాలు ఉండాలి. వాటిని 'అండ్', 'బట్', 'ఆర్', 'సో' వంటి మాట కలపాలి. 'ది రెయిన్ కేమ్ అండ్ ది ట్యాంక్ ఫిల్డ్.' ఇందులో వాన వచ్చింది, చెరువు నిండింది. క్రియలు రెండు, కర్తలూ రెండే. తెలుగులో కామా పెట్టి 'వాన వచ్చింది, చెరువు నిండింది' అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో ఒట్టి కామా చాలదు. కలిపే మాటైనా ఉండాలి, సెమికోలన్ అయినా ఉండాలి.

ఇంతకూ మన ఇళ్లలో ఎవరూ అలా మాట్లాడరు. 'అన్నం తిని బడికి పోయిండు' అంటారు. 'తిని' అసమాపక క్రియ, 'పోయిండు' సమాపక క్రియ. తెలుగు సారు దీన్ని సంక్లిష్ట వాక్యం అంటారు. ఇంగ్లీషులో దీనికి దగ్గరి రూపం 'హావింగ్ ఈటెన్ రైస్, హి వెంట్ టు స్కూల్'. అది అక్కడ సింపుల్ వాక్యమే. 'హి ఏట్ రైస్ అండ్ హి వెంట్ టు స్కూల్' అంటే కాంపౌండ్. కాంపౌండును సింపుల్‌గా మార్చమని పరీక్షలో అడిగితే బెదిరిపోయే పిల్లవాడు, ఆ పనిని రోజూ ఇంట్లో నోటితో చేస్తూనే ఉన్నాడన్నమాట.

రెండో 'హి' తీసేసి 'హి ఏట్ రైస్ అండ్ వెంట్ టు స్కూల్' అని రాస్తే మాత్రం సార్లలోనే రెండు పక్షాలున్నాయి. కర్త ఒక్కడే గనుక సింపుల్ అని కొందరు, రెండో కర్త దాగి ఉన్నాడు గనుక కాంపౌండ్ అని కొందరు. ఆ తగవులో పిల్లలు దిగనక్కరలేదు. కాంపౌండ్ రాయమన్నప్పుడు రెండో 'హి' కూడా రాసేస్తే ఎవరికీ పేచీ ఉండదు.

తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు 2022-23లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. అప్పటినుంచి ఈ వాక్యాల గొడవ ఇంగ్లీషు పేపరుతో తీరడం లేదు. మొక్కకు నీరెలా అందుతుందో సైన్సులో రాయాలన్నా వాక్యం కుదరాలి.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు కూడా ఇక్కడ సాయం చేయవచ్చు. నోటుబుక్కు ముందు పెట్టుకుని, పిల్లవాడు రాసినదానికి తెలుగు చెప్పమని, 'ముగిసిన పనులు ఎన్ని?' అని అడిగితే చాలు. 'తిని' అంటే ఇంకా ముగియలేదు. 'తిన్నడు' అంటే ముగిసింది. రెండు ముగిస్తే మధ్యలో 'అండ్' ఉందా లేదా అని వేలుపెట్టి చూపించమనాలి.