కంటికి కనిపించే రేడియో

మా తెలుగు సంఘం సమావేశాలలో నా వ్యాపకం సంగతి విన్నవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "జేబులో సెల్‌ఫోను ఉంది. మీట నొక్కితే ఇండియాలో ఉన్న అమ్మ మొహం కనబడుతోంది. ఇంకా ఈ వాల్వులూ, తీగలూ, టక్కుటిక్కులూ ఎందుకండీ?" న్యాయమైన ప్రశ్నే. కబురు చేరవెయ్యడమే పని అయితే నా సరంజామా అంతా దండగ. కాని సెల్‌ఫోను మూత విప్పి చూస్తే నల్లటి చిప్పులు తప్ప ఏమీ కనిపించదు. వాల్వులతో కట్టిన రేడియో అలా కాదు. కరెంటు ఎక్కడ బయలుదేరింది, ఎక్కడ బలం పుంజుకుంది, ఎక్కడ తరంగమై ఇల్లు దాటింది అన్నది వేలు పెట్టి చూపించవచ్చు. (వేలు తగలకుండా చూపించాలి. ఆ సంగతి తరువాత.) అటువంటి కేంద్రాన్ని ఇంట్లో కట్టుకోవడం ఎలాగో, ఈ రోజుల్లో ఎందుకో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రభుత్వం పెట్టే పరీక్ష ప్యాసై, లైసెన్సు పుచ్చుకుని, డబ్బు ఆశించకుండా, సొంత రేడియోతో ప్రపంచంలో తనలాంటివాళ్ళతో మాట్లాడే వ్యాపకాన్ని హామ్ రేడియో అంటారు. అమెరికాలో వాక్యూమ్ ట్యూబు అనేదాన్ని ఇంగ్లండు వాళ్ళు వాల్వు అన్నారు. మన ఇళ్ళల్లో అల్మారా మీద కూర్చుని, మీట నొక్కాక అర నిమిషం వేడెక్కి, అప్పుడు గొంతు విప్పిన రేడియోలు "వాల్వు రేడియోలు" కనక నేనూ వాల్వు అనే అంటాను. పైగా అది అర్థవంతమైన పేరు. వాల్వు అంటే కవాటం.

వాల్వు చేసే పని

గాలి తోడేసిన గాజు బుడ్డిలో సన్నటి తీగ ఎర్రగా కాలుతూ ఉంటుంది. దాని చుట్టూ ఉన్న గొట్టం కేథోడు. వేడెక్కిన కేథోడు నుంచి ఎలక్ట్రానులు, మరిగే నీళ్ళ మీద ఆవిరిలాగ, లేస్తూ ఉంటాయి. కొంచెం ఎడంగా ప్లేటు అనే లోహపు రేకు ఉంటుంది. దానికి ధన వోల్టేజి ఇస్తే ఎలక్ట్రానులు అటు పరిగెడతాయి, వెనక్కి రావు. ఇంగ్లండులో ఫ్లెమింగ్ 1904లో చేసినది ఇంతవరకే. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మూడో అవయవాన్ని చేర్చాడు. అదే గ్రిడ్డు: కేథోడుకీ ప్లేటుకీ మధ్య జల్లెడలాంటి తీగల చుట్ట. గ్రిడ్డు మీద రుణ వోల్టేజి కాస్త పెంచితే ప్రవాహం తగ్గుతుంది, కాస్త తగ్గిస్తే పెరుగుతుంది.

డెల్టా ప్రాంతాల్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. కాలవ మీద తూము తలుపు తిప్పేది ఒక మనిషి చెయ్యి. ఆ చేతి కదలికకి లొంగేది ఊరి చేలన్నిటినీ తడిపే నీరు. చిన్న కదలికతో పెద్ద ప్రవాహాన్ని శాసించడమే వర్ధనం. వాల్వు చేసేది ఇదొక్కటే. మిగిలిన రేడియో అంతా దీని చుట్టూ అల్లినదే.

ఈ ఒక్క ఉపాయంతో వ్యాపకస్తులు చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. 1912లో వచ్చిన అమెరికా చట్టం వాళ్ళని 200 మీటర్లు, అంతకంటే పొట్టి తరంగాలకి పరిమితం చేసింది. పొట్టి తరంగాలు దూరం పోవని, ఎందుకూ పనికిరావని అప్పటి పెద్దల నమ్మకం. 1921 డిసెంబరులో కనెటికట్ రాష్ట్రం గ్రెనిచ్‌లో కుర్రాళ్ళు కట్టిన వాల్వుల ప్రసారిణి సంకేతాలని స్కాట్లండులో ఆర్డ్రొసాన్ దగ్గర డేరా వేసుకుని కూర్చున్న పాల్ గాడ్లీ విన్నాడు. 1923 నవంబరులో ఫ్రాన్సులో లియాన్ డెలాయ్, అమెరికాలో ఫ్రెడ్ ష్నెల్ అట్లాంటిక్ మీదుగా పరస్పరం మాట్లాడుకున్నారు. పనికిరావని పారేసిన తరంగాలే ఆ తరువాత ప్రపంచాన్ని చుట్టాయి. మనం రేడియో సిలోన్ పాటలు విన్నది షార్ట్‌వేవ్ మీదే కదా.

ముందు పవర్ సప్లై, ముందు ప్రాణం

నా ప్రసారిణిలో రెండే వాల్వులు: 6ఏజీ7 ఒకటి, 807 ఒకటి. 1950లలో ఇక్కడి హైస్కూలు పిల్లలు కట్టినది దాదాపు ఇదే. 1951లో మొదలైన నావిస్ లైసెన్సు వాళ్ళకి 75 వాట్లు మించకూడదు, స్ఫటికం తప్ప వేరే సాధనంతో ఫ్రీక్వెన్సీ నిర్ణయించకూడదు అని షరతులుండేవి. రెండో ప్రపంచ యుద్ధం కోసం 807లని లెక్కలేనన్ని తయారుచేశారు కనక తరువాత చవకగా దొరికాయి. ఆ నిలవలు పాత సామాన్ల సంతల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈ 807కి ఫిలమెంటు వెలగడానికి 6.3 వోల్టులు చాలు. ప్లేటుకి మాత్రం 600 వోల్టులు కావాలి. ట్రాన్సుఫార్మరు గోడ కరెంటుని ఎత్తుతుంది. 5ఆర్4 అనే రెక్టిఫయరు వాల్వు దాన్ని ఒకే దిక్కుకి మళ్ళిస్తుంది. ఇనప గుండెతో చుట్టిన చోకు, దాని తరువాత కండెన్సర్లు ఎగుడుదిగుళ్ళని చదును చేస్తాయి. నేను 450 వోల్టులు తట్టుకునే 80 మైక్రోఫారడ్ కండెన్సర్లు రెండు ఒకదాని తరువాత ఒకటి కలిపాను. అప్పుడు జంట 900 వోల్టులు తట్టుకుంటుంది, విలువ 40 మైక్రోఫారడ్లవుతుంది.

ఇక్కడ ఆగి ఒక మాట. మీట ఆర్పేసినా, ప్లగ్గు ఊడదీసినా, ఆ కండెన్సర్లలో 600 వోల్టులూ అలాగే కూర్చుని ఉంటాయి. దీపం ఆరిపోయింది కదా అని చెయ్యి పెడితే ప్రాణం పోవచ్చు. అందుకని ఒక్కొక్క కండెన్సరుకి అడ్డంగా 25 వేల ఓముల రెసిస్టరు తగిలించాను. దీన్ని బ్లీడర్ అంటారు. లెక్క వేస్తే రెండు సెకన్లకోసారి వోల్టేజి మూడో వంతుకి కాస్త పైగా పడిపోతుంది. పది సెకన్లలో 600 కాస్తా నాలుగవుతుంది. అయితే బ్లీడర్ కాలిపోయి ఉండవచ్చు. కనక దాన్ని నమ్మకూడదు. నా నియమాలు ఇవి: ప్లగ్గు ఊడదియ్యాలి. నిమిషం ఆగాలి. మీటరుతో కొలవాలి. ఆ తరువాత, ఎండిన కర్ర చివర కొక్కేనికి కట్టి, రెండో కొస ఛాసిస్‌కి బిగించిన రాగి తీగతో కండెన్సరుని తాకించాలి. అప్పుడే చెయ్యి పెట్టాలి. కరెంటు ఉన్నప్పుడు కొలవవలసి వస్తే ఒక చెయ్యి జేబులో ఉండాలి. రెండు చేతుల మధ్య ఉన్నది గుండె. 807కి ప్లేటు కొస బుడ్డి నెత్తి మీదే టోపీలా ఉంటుంది కనక దాని మీద చిల్లుల రేకు మూత తప్పనిసరి. పాత పుస్తకాల్లో మోర్సు కీని నేరుగా కేథోడు తీగలో కలిపేవారు. కీ ఎత్తినప్పుడు దాని మీద ప్రమాదకరమైన వోల్టేజి నిలుస్తుంది. మధ్యలో చిన్న రిలే పెడితే వేళ్ళ దగ్గర 12 వోల్టులే ఉంటాయి.

స్ఫటికం, 807, రెండు చక్రాలు

మొదటి వాల్వు 6ఏజీ7 కంపనాలు పుట్టిస్తుంది. ఎంత వేగంతో కంపించాలో చెప్పేది క్వార్ట్జ్ స్ఫటికం. దాని పలక ఎంత పలచనైతే అంత వేగం. యుద్ధకాలంలో బ్రెజిల్ నుంచి తెచ్చిన క్వార్ట్జ్‌తో చేసిన స్ఫటికాలు చిన్న నల్లటి డబ్బీల్లో వచ్చేవి. హాములు డబ్బీ విప్పి, పలకని సాన పొడితో అరగదీసి తమకి కావలసిన ఫ్రీక్వెన్సీకి తెచ్చుకునేవారు. నాది 7.1 మెగాహెర్ట్జ్‌కి దగ్గరలో ఉంది. దాన్ని 40 మీటర్ల బ్యాండు అంటారు.

ఆ కంపనాలని 807 పెంచుతుంది. 600 వోల్టులు, 100 మిల్లీఆంపియర్లు, అంటే 60 వాట్లు లోపలికి పోతే సుమారు 40 వాట్లు తరంగంగా బయటికి వస్తాయి. మిగిలిన 20 వేడి. ఒక చిక్కుంది. ఇంత వోల్టేజి, ఇంత కరెంటు దగ్గర 807 సుమారు 3000 ఓముల భారాన్ని కోరుతుంది. ఏంటెనా తీగ ఇచ్చేది 50 ఓములు. సైకిలు మీద ఎత్తు ఎక్కేవాడికి గేర్లు ఎందుకో ఇక్కడ పై-నెట్‌వర్క్ అందుకు. ఒక తీగచుట్ట, దానికి చెరో పక్క ఒక తిప్పుడు కండెన్సరు. నా లెక్క ప్రకారం వాల్వు వైపు 90 పికోఫారడ్లు, చుట్ట 6 మైక్రోహెన్రీలు, ఏంటెనా వైపు 530 పికోఫారడ్లు. ఏంటెనా వైపుకి పాత రేడియోల్లో స్టేషన్లు తిప్పే గ్యాంగ్ కండెన్సరు, రెండు అరలూ కలిపితే, చక్కగా సరిపోతుంది.

ట్యూనింగ్ చెయ్యడం చూడముచ్చటైన పని. కీ నొక్కగానే ప్లేటు కరెంటు మీటరు పైకి లేస్తుంది. మొదటి చక్రం తిప్పుతూ ఉంటే ఒకచోట ముల్లు చటుక్కున కిందికి జారుతుంది. అదే అనునాదం. ఇప్పుడు రెండో చక్రంతో భారం కాస్త పెంచి, మళ్ళీ మొదటిదాన్ని సవరించి, అలా ముల్లుని 100 దగ్గరకి చేర్చాలి. అనునాదానికి దూరంగా కీ నొక్కి ఉంచితే తరంగం పుట్టదు. లోపలికి పోయిన శక్తి యావత్తూ పాతిక వాట్లకి మించి తట్టుకోలేని ప్లేటు మీద పడుతుంది. ప్లేటు ముందు మసగ్గా, తరువాత చెర్రీ పండులా ఎర్రబడుతుంది. తప్పు ఎక్కడుందో యంత్రమే ఎర్ర రంగులో చెబుతుంది. కంటికి కనిపించే రేడియో అన్నది అందుకే.

చివరగా ఏంటెనా కొసకీ ఛాసిస్‌కీ మధ్య ఒక చిన్న చోకు. రేడియో తరంగం దాని గుండా పోదు. పై-నెట్‌వర్క్‌కి ముందున్న కండెన్సరు ఎప్పుడైనా చిల్లిపడి 600 వోల్టులు ఏంటెనా మీదకి రాబోతే మాత్రం ఈ చోకు దాన్ని నేలకి దించి ఫ్యూజు ఎగరగొడుతుంది. పెరట్లో తీగ ముట్టుకున్న పిల్లవాడి ప్రాణం దీని మీద ఆధారపడి ఉంది.

చెవి, చెట్టు మీద తీగ

రిసీవరు కట్టడం మొదటిసారికి కష్టం కనక పాతది కొనుక్కోవడం మేలు. హాలిక్రాఫ్టర్స్, హామర్లండ్, నేషనల్, డ్రేక్ అన్నవి ఆ కాలపు పేరున్న కంపెనీలు. ఒహాయోలో ప్రతి మే నెలలోనూ జరిగే డేటన్ హామ్‌వెన్షన్ ఈ సామాన్లకి పెద్ద తిరునాళ్ళు. 2017 నుంచి జీనియా ఊళ్ళో జరుగుతోంది. కొన్న రిసీవరుని ఇంటికి తెచ్చి వెంటనే ప్లగ్గు పెట్టకూడదు. అందులో కాగితం కండెన్సర్లూ, ఎలక్ట్రోలిటిక్‌లూ వయసుకి ఎండిపోయి ఉంటాయి. అవి మార్చి, మూడు పిన్నుల తీగ వేసి, వోల్టేజిని మెల్లమెల్లగా ఎక్కించాలి.

ఏంటెనాకి మెగాహెర్ట్జ్‌లతో 468ని భాగిస్తే అడుగులు వస్తాయి. 7.1కి 66 అడుగులు. మధ్యలో కత్తిరించి చెరో 33. రెండు చెట్ల మధ్య కట్టిన రాగి తీగ చాలు. అసలు అడ్డంకి ఇళ్ళ సంఘాల నిబంధనలు. ఊరి పురపాలక సంఘం హాములకి సహేతుకమైన వెసులుబాటు ఇవ్వాలని అమెరికా ప్రభుత్వం 1985లో ఆదేశించింది గాని, ఆ ఆదేశం మనం ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన ఒప్పందాలకి వర్తించదు. అటువంటి చోట అటకలో వంచి కట్టుకున్న తీగ కూడా పని చేస్తుంది. అయితే కొసల దగ్గర వోల్టేజి ఎక్కువ కనక మనుషులకీ, చెక్కకీ దూరంగా ఉంచాలి.

అయితే ఎందుకు?

ఇబ్బందికరమైన నిజం ఒకటి ఒప్పుకోవాలి. ఈనాటి ట్రాన్సిస్టరు రేడియో నా డబ్బాలకంటే అన్నిటా మేలు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకి చెందిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు మూగబోయిన అండమాన్ నుంచి కబుర్లు చేరవేసింది ఆ హాములే. అలాంటి ఆపదలో కావలసినది బ్యాటరీ మీద నడిచే చిన్న రేడియో. నా 807 కాదు. నా బీరువాలో అదీ ఒకటి సిద్ధంగా ఉంటుంది.

వాల్వుల కేంద్రం నేర్చుకోవడానికి. మనలో చాలామందిమి ఇంజనీర్లమని చెప్పుకుంటూ ఈ దేశం వచ్చి, తెర మీది అక్షరాలతోనే ఉద్యోగాలు గడిపేశాం. మన పిల్లలకి పాడైనదాన్ని పారేసి కొత్తది తెప్పించుకోవడం తెలుసు. ఓమ్ సూత్రం పరీక్షలో రాసినవాడికీ, ఆ సూత్రం తప్పితే ఫ్యూజు ఎగిరిపోవడం చూసినవాడికీ తేడా ఉంది. ఈ వాల్వులు కొంతకాలం దొరుకుతాయి. వాటిని చేత్తో మలిచిన పెద్దతరం హాములు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకునే అవకాశం మనకీ, మన పిల్లలకీ ఎల్లకాలం ఉండదు.

ఆసక్తి ఉన్నవాళ్ళకి దారి సులువే. మొదటి మెట్టు టెక్నీషియన్ పరీక్ష: 35 ప్రశ్నలు, 26 సరిపోతే చాలు. ప్రశ్నలన్నీ ముందే బహిరంగంగా దొరుకుతాయి. పౌరసత్వం అక్కరలేదు. 2022 నుంచి రుసుము 35 డాలర్లు. మోర్సు పరీక్ష 2007లో ఎత్తేశారు. కాని ఆ మొదటి లైసెన్సుతో 7.025 నుంచి 7.125 మెగాహెర్ట్జ్ దాకా మోర్సులో మాట్లాడే హక్కు వస్తుంది. అంటే పైన చెప్పిన కేంద్రం మొత్తం వాడుకోవచ్చు. మన దేశంలో 2013 జూలైలో తంతి కచేరీలు మూతపడ్డాయి. ఆ టక్కుటిక్కుల భాష నేర్చుకోవడానికి రోజుకి పదిహేను నిమిషాల చొప్పున కొన్ని నెలలు పడుతుంది. ముందు పాత రిసీవరు కొని వినండి. తరువాత తీగ కట్టండి. ప్రసారిణి ఆఖరున, పక్కన అనుభవజ్ఞుడైన హామ్ ఉండగా మొదలుపెట్టండి.

చలికాలం రాత్రుల్లో నా 40 వాట్లకి ఐరోపా అందింది. హైదరాబాదు ఇంకా అందలేదు. ప్రయత్నం మానలేదు.