వార్తల్లో పదం: టార్గెటెడ్ ప్రకటన

ఫోన్‌లో ఎవరు ఏం చూస్తున్నారో, ఎంతసేపు చూస్తున్నారో పసిగట్టి, వారికి తగ్గ సరుకునే కళ్లముందుకు తెచ్చేది టార్గెటెడ్ ప్రకటన. పెద్దవాళ్లకు చీరలు చూపితే పోనీ అనుకోవచ్చు. పదిహేనేళ్ల పిల్లాడికి పందేల యాప్ చూపితేనే పేచీ.

సినీతారలు, క్రికెటర్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు ఊరించిన బెట్టింగ్ యాప్‌ల వల్ల బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల తరఫున వచ్చానంటూ క్రైస్తవ మతబోధకుడు కె.ఎ.పాల్ సుప్రీంకోర్టుకెక్కారు. 2025 మేలో కోర్టు కేంద్రానికి నోటీసిచ్చింది. ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా.

టార్గెటెడ్ ప్రకటనల మాట నేరుగా ఉన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 9వ సెక్షన్‌లో. 18 ఏళ్లలోపు వారి కదలికలను గమనించడం, వారికి గురిపెట్టి ప్రకటనలివ్వడం కూడదు. తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కానీ అమలుకు 18 నెలల గడువిచ్చారు. కంపెనీల మీద ఇంత దయ అక్కర్లేదు.

అసలు చిక్కు మన ఇళ్లలోనే ఉంది. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలే రైతు ఫోన్ సాయంత్రమయ్యేసరికి కొడుకు చేతిలో ఉంటుంది. అకౌంటు మాత్రం నాన్నదే. కంపెనీ లెక్కలో చూసేది పెద్దమనిషే, ఇక చట్టం ఎవర్ని కాపాడాలి?

పిల్లలకు అసలు వయసుతో వేరే అకౌంటు తెరవండి. అభ్యంతరకర ప్రకటన కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. డబ్బు పోతే 1930కు.