మీకు తెలుసా? ఉప్పుగాలిలో చెక్కకు రంగు!

ఉప్పుకు దాహం వేస్తుందని మీకు తెలుసా? నిజమండీ! గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, మన వంటింటి ఉప్పు ఆ గాలిలోంచే నీటిని లాక్కుని, అందులోనే కరిగిపోతుంది. మన నెల్లూరు తీరంలో, మైపాడు, కోడూరు వైపు తెల్లవారుజామున తేమ అంతకు చేరడం ఎంతసేపు? అంటే మీ వరండా చెక్కల మీద పేరుకున్న ఉప్పుపొర, చినుకు పడకుండానే చెక్కను తడిపేస్తోంది! దాని మీదే రంగు వేయించారనుకోండి. పైన మెరుపు, కింద తడి. ఇక బుడగలే బుడగలు! మేస్త్రి బ్రష్ పట్టకముందే చెక్కంతా మంచినీళ్లతో కడిగించండి. ఈ పనికి సగం రోజు కూలి పోయినా పోనివ్వండి. అంతకంటే లాభమైన ఖర్చు లేదు!

మరి ఏ నెలలో వేయించాలి? హైదరాబాదులో చుట్టాలను అడిగితే "జూన్ వానలు రాకముందే కానిచ్చేయండి" అంటారు. మన లెక్క వేరు! నెల్లూరులో ఏడాదంతా పడే వానలో దాదాపు 60 శాతం అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే కురిసేస్తుంది! ఈశాన్య రుతుపవనాల చలవ. చిత్రమేమిటంటే, సంక్రాంతికి ఇల్లు కళకళలాడాలని మేస్త్రీల వెంట పడేది కూడా సరిగ్గా అప్పుడే! లోపలి గోడలంటారా, పండక్కి కానివ్వండి. బయటి చెక్కను మాత్రం ఫిబ్రవరి దాకా ముట్టుకోకండి. తడి చెక్క మీద ఎంత ఖరీదైన డబ్బా ఒంపినా నిలవదు!

చెయ్యి పెట్టి చూస్తే చెక్క పొడిగానే ఉంటుంది. నమ్మకండి! లోపల తడి దాక్కుని ఉంటుంది. రెండు సూదులున్న చిన్న తేమ మీటరు దొరుకుతుంది. చెక్కకు గుచ్చితే అంకె చూపిస్తుంది. అది 15 శాతం లోపుంటేనే రంగు!

చెక్కకు రంగేసే విద్యలో అసలు గురువులు ఎవరో తెలుసా? మన మత్స్యకారులు! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట బంద్. మొత్తం 61 రోజులు! చేపలు గుడ్లు పెట్టే కాలం కదా! సముద్రంలో పని ఆగితే ఒడ్డున పని మొదలవుతుంది. జువ్వలదిన్నె, కృష్ణపట్నం వైపు ఆ రోజుల్లో ఒక్కసారి వెళ్లి చూడండి. పడవను ఒడ్డుకు లాగుతారు. అడుగున కరుచుకున్న గుల్లలను బరబరా గీకుతారు. కడుగుతారు. ఎండకు వదిలేస్తారు. అతుకులు ఒక్కొక్కటే వేలితో తడిమి చూస్తారు. రంగు డబ్బా మూత తెరిచేది ఆ తర్వాతే! మనం ఇంట్లో మొట్టమొదట తెరిచేదే ఆ మూత!

పడవ రంగు అందానికే అనుకున్నారా? కాదు! 2008 ముంబయి దాడుల తర్వాత తీర రాష్ట్రాలు తమ పడవలకు వేర్వేరు రంగులు నిర్ణయించుకున్నాయి. దూరం నుంచి చూడగానే ఏ రాష్ట్రం పడవో కోస్ట్‌గార్డుకు తెలిసిపోవాలి!

చెక్క ఓడలను తొలిచేసే 'ఓడపురుగు' అసలు పురుగే కాదు! అది ఆల్చిప్పల జాతి జీవి. రెండు బుల్లి చిప్పలతో చెక్కను సొరంగాలు సొరంగాలుగా తినేస్తుంది. కొలంబస్ ఓడలనూ వదల్లేదు! 1503లో చిల్లులు పడ్డ ఓడలతో ఆయన జమైకా ఒడ్డున నెలల తరబడి చిక్కుకుపోయాడు!

ఆ తొలిచే జీవులకు మన దేశపు తీరాల్లో దొరికిన విరుగుడు ఏమిటో చెప్పనా? జీడిగింజ! పప్పు కాదు, పెంకు. పెంకు బరువులో దాదాపు 25 శాతం నల్లటి ఘాటైన నూనే! చేపనూనెలాగే దీన్నీ చెక్క పడవలకు పట్టించేవారు. కానీ జాగ్రత్త! ఒట్టి చేత్తో ముట్టుకున్నారో, చర్మం బొబ్బలెక్కిపోతుంది!

ఇది వినండి. ఒక్క చేయి ఎనామిల్ ఆరాక ఎంత మందం ఉంటుందో ఊహించగలరా? సుమారు 0.03 మిల్లీమీటరు! తల వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు! సముద్రపు గాలినీ, మే నెల ఎండనూ అడ్డుకునేది ఆ పొరే! అందుకే మేస్త్రి "ఒక చేయి చాలు సార్" అంటే ఒప్పుకోకండి. ప్రైమర్ మీద రెండు చేతులు పడాల్సిందే.

కొత్త చెక్కను ఉత్తదాన్ని ఎండలో ఎన్నాళ్లు వదలొచ్చు? ఏడాదా? ఆరు నెలలా? 2 వారాలు మించితే కష్టం! ఎండకు పైపొర చెడిపోతుంది. కంటికి ఏమీ తేడా కనబడదు, రంగు మాత్రం పట్టు తప్పుతుంది. వడ్రంగి పని అయ్యాక పెయింటరును వెతకడం మొదలుపెడితే ఆలస్యమే. ఇద్దరినీ ఒకేసారి మాట్లాడుకోండి!

పలక నీళ్లు తాగేది పైనుంచి కాదు, కొసల నుంచి! పక్కల కంటే కోసిన కొసలు 10 రెట్లకు పైగా వేగంగా నీళ్లు పీల్చేస్తాయి. కొసలకు ప్రైమర్ పట్టించారా అని వంగి చూడండి. చాలామంది పెయింటర్లు వదిలేసేది ఆ చోటే!

కాళ్ల కింద ఉండే చెక్క నేలకు, అంటే డెక్‌కు, మెరిసే పెయింటు కంటే స్టెయిన్ మేలని తెలుసా? పెయింటు పైన పొరలా కూర్చుంటుంది. పగులులోంచి నీళ్లు దూరితే పెచ్చులుగా లేచిపోతుంది. స్టెయిన్ చెక్కలోకి ఇంకిపోతుంది. లేవడానికి పొరే లేదు! నెమ్మదిగా వెలిసిపోతుందంతే. 2, 3 ఏళ్లకోసారి కడిగి మరో చేయి వేస్తే సరి. గీకే బాధే లేదు! తీరంలో ఇల్లు కట్టుకునేవాళ్లకు నా ఓటు కళ్లు మూసుకుని స్టెయిన్‌కే!

తెల్ల పెయింటు కాంతిని వజ్రం కంటే ఎక్కువ వంచుతుంది! వజ్రం వక్రీభవన గుణకం 2.4 అయితే, తెల్ల రంగులోని టైటానియం డయాక్సైడ్‌ది దాదాపు 2.7! ఆ టైటానియం ఇచ్చే ఇల్మెనైట్ మన ఆంధ్ర తీరపు ఇసుకలోనే ఉంది!

గూడూరు, సైదాపురం పేరు చెప్పగానే మైకా గుర్తొస్తుంది కదా! ఆ మైకా పొడిని పెయింట్లలో కలుపుతారని తెలుసా? రేకులు ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. తేమ చుట్టూ తిరిగి రావాల్సిందే! మైకాలో అతి పలుచని పొర ఒక్కదాని మందం ఎంతంటారా? మిల్లీమీటరును 10 లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క!

తాతలనాటి తలుపు గీకిస్తున్నారా? ఆగండి! 2017 నవంబరు 1 నుంచి మన దేశంలో ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని నిబంధన. మరి అంతకు ముందు వేసిన పాత పొరల్లో? ఎంతైనా ఉండొచ్చు! పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల నోట్లోకే పోతుంది. తడిపి గీకమని మేస్త్రికి గట్టిగా చెప్పండి. ఆయనకూ మాస్కు ఇవ్వండి. రోజూ ఆ దుమ్ములో ఉండేది ఆయనే!

20 లీటర్ల బకెట్టులో రంగుతో పాటు ఇంకేం ఉంటుందో తెలుసా? చాలా కంపెనీల డబ్బాల్లో పెయింటరు కోసం టోకెన్ ఉంటుంది! అందుకే ఏ కంపెనీ కొనాలో మేస్త్రి అంత పట్టుగా చెబుతుంటాడు. మీరు ఏ డబ్బా కొన్నా సరే, టోకెన్ ఆయనకే ఇస్తానని ముందే చెప్పేయండి. అది ఆయన కష్టానికి దక్కేదే. డబ్బాలు మాత్రం మీ ఎదుటే తెరిపించండి!

నిప్పు లేకుండా గుడ్డ తగలబడుతుందా? తగలబడుతుంది! చెక్కకు పట్టించే అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే ఆ వేడే నిప్పవుతుంది. 1991లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల భవనం ఇలాగే అంటుకుంది! ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. సాయంత్రం పని ముగిశాక గుడ్డలను మూలకు విసరనివ్వకండి. ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరనివ్వాలి. లేదా నీళ్లు నింపిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టాలి!

మీ డెక్‌కు మళ్లీ స్టెయిన్ ఎప్పుడు వేయించాలో చెప్పడానికి ఏ మేస్త్రీ అక్కర్లేదు! నాలుగు చుక్కల నీళ్లు చాలు. చెక్క మీద చిలకరించండి. ముత్యాల్లా నిలిచాయా? ఇంకో ఏడాది బేఫికర్! 10 నిమిషాల్లో ఇంకిపోయి చెక్క నల్లబడిందా? మేస్త్రికి ఫోన్ చేయండి. రేపు పొద్దున్నే చెంబుతో వెళ్లి చూడండి, ముఖ్యంగా ఎండ ఎక్కువ పడే మెట్ల దగ్గర!