న్యుమోకాకస్‌పై రోగ నిరోధక ప్రతిస్పందన

న్యుమోకాకస్ లేదా స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే మనుష్యుల ముక్కు, గొంతు భాగాలలో నివసించే ఒక బాక్టీరియా. దీనిని 1881లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బర్గ్ వేర్వేరుగా గుర్తించారు. ఆరోగ్యవంతులలో, ముఖ్యంగా చిన్నపిల్లలలో, ఇది హాని చేయకుండానే ఉండవచ్చు. ఊపిరితిత్తులకు చేరితే న్యుమోనియాను, మెదడు పొరలకు చేరితే మెనింజైటిస్‌ను కలిగిస్తుంది.

క్యాప్సూల్

ఈ బాక్టీరియా చుట్టూ పాలీశాకరైడ్లతో, అనగా చక్కెర అణువుల గొలుసులతో, ఏర్పడిన తొడుగు ఉంటుంది. దీనిని క్యాప్సూల్ అంటారు. ఇది అడ్డుగా ఉండడం వలన భక్షక కణాలకు బాక్టీరియాపై పట్టు చిక్కదు. క్యాప్సూల్ నిర్మాణాన్ని బట్టి 100కు పైగా సీరోటైపులను గుర్తించారు.

సహజ రక్షణ

శ్వాసనాళాలలోని శ్లేష్మం, సన్నని శైలికలు, దగ్గు బాక్టీరియాను బయటకు నెట్టివేస్తాయి. వాటిని దాటి వాయుగోణులకు చేరిన కొద్దిపాటి బాక్టీరియాను అక్కడి స్థూల భక్షక కణాలు మింగివేస్తాయి. బాక్టీరియా సంఖ్య పెరిగితే ఈ కణాలు సైటోకైన్లను విడుదల చేసి రక్తంలోని న్యూట్రోఫిల్ కణాలను రప్పిస్తాయి. అప్పుడు వాయుగోణులు ద్రవంతో, కణాలతో నిండిపోయి రోగికి ఆయాసం కలుగుతుంది. అనగా న్యుమోనియా లక్షణాలలో కొన్ని శరీరం చేసే పోరాటం వలన కలిగేవే.

రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు బాక్టీరియాకు అతుక్కుంటాయి. న్యుమోకాకస్ కణకవచం మందంగా ఉండడం వలన అవి దానికి రంధ్రం చేయలేవు. భక్షక కణాలు పట్టుకోవడానికి గుర్తులుగా మాత్రం ఉపయోగపడతాయి.

ప్రతిరక్షకాలు

బి-లింఫోసైట్లు క్యాప్సూల్‌కు సరిపోయే ప్రతిరక్షకాలను తయారు చేయడానికి కొన్ని రోజులు పడుతుంది. యాంటీబయాటిక్‌లు లేని కాలంలో, ప్రాణం దక్కిన న్యుమోనియా రోగులలో చాలామందికి దాదాపు 7 నుండి 10 రోజులకు జ్వరం హఠాత్తుగా తగ్గేది. ప్రతిరక్షకాలు రక్తంలో కనిపించేది కూడా ఆ సమయంలోనే. ప్రతిరక్షకాలు క్యాప్సూల్‌కు అంటుకున్న తరువాత భక్షక కణాలు బాక్టీరియాను సులభంగా మింగగలవు. ఒక సీరోటైపుపై ఏర్పడిన ప్రతిరక్షకాలు సాధారణంగా మరొకదానిపై పనిచేయవు.

ప్లీహం పాత్ర

రక్తంలో చేరిన న్యుమోకాకస్‌ను వడకట్టే ముఖ్యమైన అవయవం ప్లీహం. శస్త్రచికిత్సలో ప్లీహాన్ని తొలగించినవారిలో, సికిల్ సెల్ వ్యాధి వలన అది దెబ్బతిన్నవారిలో ఈ బాక్టీరియా కొద్ది గంటలలోనే ప్రాణాపాయం కలిగించగలదు. కనుక వారికి జ్వరం వస్తే వెంటనే వైద్యం అందించాలి.

టీకాలు

రెండేళ్ళలోపు పిల్లల శరీరం పాలీశాకరైడ్లకు తగినంతగా స్పందించదు. అందువలన 1983లో వచ్చిన 23 సీరోటైపుల పాలీశాకరైడ్ టీకా వారికి ఉపయోగపడదు. దీనికి పరిష్కారంగా పాలీశాకరైడ్‌ను ఒక ప్రోటీన్‌తో జతచేసి కాంజుగేట్ టీకాను రూపొందించారు. ప్రోటీన్‌ను గుర్తించిన టి-లింఫోసైట్లు బి-లింఫోసైట్లకు తోడ్పడతాయి. జ్ఞాపక కణాలు కూడా ఏర్పడతాయి. 7 సీరోటైపుల కాంజుగేట్ టీకాకు అమెరికాలో 2000లో అనుమతి లభించింది.

ఈ టీకా గొంతులో బాక్టీరియా స్థిరపడడాన్ని కూడా తగ్గిస్తుంది. కాబట్టి టీకా వేయించుకోనివారికీ కొంత రక్షణ లభిస్తుంది. అయితే టీకాలో లేని సీరోటైపులు ఆ స్థానాన్ని ఆక్రమించడం వలన మరిన్ని సీరోటైపులతో కొత్త టీకాలు తయారు చేయవలసి వచ్చింది. భారతదేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమంలో దీనిని 2017లో కొన్ని రాష్ట్రాలలో ప్రారంభించి, 2021లో దేశమంతటికీ విస్తరించారు. శిశువులకు 6 వారాలు, 14 వారాలు, 9 నెలల వయసులో ఉచితంగా వేస్తారు.