లేమికాలమున రోమాలపై నింద

జిప్సీలని లోకము పిలుచు రోమాల పూర్వులు సుమారు వేయేండ్ల క్రిందట భారతదేశమును వీడినవారు. వారి భాషలో ‘మనుష్’ అనగా మనుష్యుడే.

హంగరీలో సామ్యవాద ప్రభుత్వకాలమున వీరిలో అనేకులు కర్మాగారములలో కూలిపనులు చేసిరి. 1989 తరువాత అవి మూతపడగా ముందుగా పని పోయినది వీరికే. పిమ్మట సోమరులను నిందయు వీరిపైననే పడినది.

2008లో ఆర్థిక సంక్షోభము ముదిరి, హంగరీ అంతర్జాతీయ ద్రవ్యనిధి నాశ్రయించెను. 2008, 2009 సంవత్సరములలోనే రోమాల యిండ్లపై రాత్రివేళల తుపాకులతో, పెట్రోలు సీసాలతో దాడులు జరిగి ఆరుగురు మరణించిరి. బుడాపెస్టుకు దక్షిణముననున్న తతార్‌సెంట్‌జ్యోర్జ్ గ్రామమున, 2009 ఫిబ్రవరిలో, మండుచున్న యింటినుండి వెలుపలికి పరుగెత్తిన తండ్రిని, చిన్నకుమారుని కాల్చిచంపిరి. విద్యుత్తు వలన కలిగిన ప్రమాదమని పోలీసులు తొలుత తలచిరి. 2013లో న్యాయస్థానము ముగ్గురికి యావజ్జీవ శిక్షను, వారికి తోడ్పడిన వానికి 13 ఏండ్ల శిక్షను విధించెను.

ఒకని తప్పును జాతికంతటికి అంటగట్టుట ఎంత సులభమో, అందలి అన్యాయము అంత ఘోరము. తీర్పు హంతకులను శిక్షింపగలదు. కర్మాగారము మూతపడుటకు పొరుగువాడు కారణము కాడని ఊరివారికి తెలియజెప్పు పని మాత్రము తీర్పుతో ముగియదు.