ఒగ్గుకథలో ప్రార్థన: కథకు ముందు జరిగే పని

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే ఒగ్గు కళాకారులు నేరుగా కథలోకి ప్రవేశించరు. డోలు, తాళాల మోత కొంతసేపు సాగిన తరువాత ప్రధాన కథకుడు ప్రార్థన ఎత్తుకుంటాడు, వంతలు అందుకుంటారు. సాధారణంగా గణపతి, సరస్వతి, గురువులతో పాటు ఆ ఊరి దేవతలూ ఇందులో స్మరణకు వస్తారు. మన పరిశోధనల్లో దీన్ని కావ్యావతారికలోని ఇష్టదేవతాస్తుతితో పోల్చి వదిలేయడం పరిపాటి. ఆ పోలిక తప్పు కాదు గానీ చాలదు. అవతారిక చదువరి కోసం రాసినది. ఈ ప్రార్థన ఇంకా కుదుటపడని జనసమూహం ముందు పాడేది.

చైనాలో పింగ్‌షు కథకుల ప్రారంభ పద్యం ఈ తేడాను స్పష్టం చేస్తుంది. దాన్ని డింగ్‌చాంగ్‌షి అంటారు. రంగాన్ని నిలకడపరిచే పద్యమని అర్థం. కథకుడు చిన్న పద్యం చదివి, చేతిలోని చెక్కముక్కను బల్లపై చరుస్తాడు. సందడి అణగుతుంది, కథ మొదలవుతుంది. పద్యానికి కథతో సంబంధం ఉండాలన్న నియమం లేదు. షియాంగ్‌షెంగ్ అనే హాస్యప్రదర్శనలోనైతే గంభీరంగా నడిచిన పద్యం చివరి పాదంలో విరిగి నవ్వు పుట్టించడమూ ఉంది. ఇది ఏ ఊరికైనా మోసుకుపోగల పద్యం.

ఒగ్గు ప్రార్థన చేసే పని కూడా అదే: జనం కుదురుకోవాలి, గొంతు శ్రుతి పట్టాలి, వంతలకు నడక అందాలి. అయితే ఇది ఊరిని బట్టి మారుతుంది. ఎల్లమ్మ గుడి ముందు పాడినది మరో ఊరి పోచమ్మ గద్దె దగ్గర యథాతథంగా పనికిరాదు. మల్లన్న పెళ్లి సందర్భంలో పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో పట్నం వేస్తారు. అక్కడ నేల కూడా ప్రార్థనలో భాగమే. పందొమ్మిదో శతాబ్దపు బీజింగ్ వీధుల్లో షియాంగ్‌షెంగ్ కళాకారులు పాడుతూ తెల్లని ఇసుకతో నేలపై అక్షరాలు రాసి జనాన్ని ఆపేవారు. చూపుకు దగ్గరి దృశ్యాలే, కానీ ఆ ఇసుక దారిన పోయేవారి కోసం, ఈ ముగ్గు దేవుడి కోసం.

ప్రార్థనలో వంతపాడిన గొంతే తరువాత కథకుణ్ణి ప్రశ్నలతో నిలదీస్తుంది, చమత్కారాలు విసురుతుంది. ఆ మలుపు దగ్గరే శ్రోత కథలోకి అడుగుపెడతాడు. వేములవాడ సమీపంలోని హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి కథకుల ప్రదర్శనను అంచనా వేయాలంటే కథాంశం ఒక్కటే ఆధారం కాజాలదు. (సి. నారాయణరెడ్డిదీ ఆ ఊరే.)

ముద్రణ కోసం కథను ఎత్తిరాసేటప్పుడు ముందుగా కత్తిరింపుకు గురయ్యేది ఈ ప్రార్థనే. కథ ఊరూరా ఇంచుమించు ఒకటే కనుక దాన్ని మళ్లీ సేకరించవచ్చు. ఒక ఊళ్లో ఒక రాత్రి పాడిన ప్రార్థన మళ్లీ దొరకదు. నాట్యశాస్త్రం ఐదో అధ్యాయం వాద్యాలను అమర్చడాన్ని, గాయకులు కూర్చోవడాన్ని సైతం పూర్వరంగంలో అంగాలుగా లెక్కించింది. క్షేత్రపర్యటనకు వెళ్లే పరిశోధకులు రికార్డింగును మొదటి డోలు దెబ్బకు ముందే ప్రారంభించి, ప్రార్థన పాఠం పక్కన ఊరి పేరు, తేదీ, సందర్భం, కథ చెప్పించిన కుటుంబం లేదా కులసంఘం వివరాలు నమోదు చేయాలి.