బూజు పోయినా విషం పోదు

వానాకాలంలో డబ్బా మూత తీస్తే కరక్కాయల మీదో, అతిమధురం ముక్కల మీదో పచ్చటి బూజు కనిపించడం చాలా ఇళ్లలో మామూలే. పారేయడానికి మనసొప్పదు. గుడ్డతో తుడిచి, ఒక పూట ఎండలో పోసి, దంచి చూర్ణం చేసుకుంటాం. తుడిస్తే పైనున్న బూజు పోతుంది. అది కాయలోకి వదిలిన విషం అక్కడే ఉంటుంది. కషాయం కాచినా విరగదు. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఈ విషాల్లో ముఖ్యమైన అఫ్లాటాక్సిన్ బి1 విచ్ఛిన్నం కావాలంటే దాదాపు 250 డిగ్రీలు దాటాలి.

రంగు, రుచి, వాసనల్లో ఆనవాలు లేని ఆ విషాన్ని పట్టుకోవడం ప్రయోగశాల పని.

కోళ్లు చెప్పిన సంగతి

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుబట్టని జబ్బుతో చచ్చిపోయాయి. ఆరా తీస్తే దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క దగ్గర తీగ దొరికింది. దానికి పట్టిన బూజు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. ఆ పేరులోని ముక్కలతోనే విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు.

మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయారు. కామెర్లు, పొట్టలో నీరు. అదే తిండి తిన్న పెంపుడు కుక్కలూ చనిపోయాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఊళ్లకు వెళ్లి కారణాన్ని తేల్చారు.

ఒకేసారి ఎక్కువ మోతాదు ఒంట్లోకి వెళితే జరిగేది అది. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి చేరితే దెబ్బ మరోలా ఉంటుంది. కాలేయం ఈ విషాన్ని బయటికి పంపబోయి, ఆ ప్రయత్నంలోనే దాన్ని మరింత ప్రమాదకరమైన రూపంలోకి మారుస్తుంది. ఆ రూపం కణాల్లోని డీఎన్ఏకు అతుక్కుంటుంది. అక్కడి నుంచి కేన్సర్‌కు దారి పడుతుంది.

లారీలో ఒక్క బియ్యపు గింజ

ఐరోపా ఔషధ ప్రమాణాల ప్రకారం కిలో మూలికలో అఫ్లాటాక్సిన్ బి1 రెండు మైక్రోగ్రాములు మించకూడదు. నాలుగు రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి నాలుగు మైక్రోగ్రాములు దాటకూడదు. పది టన్నుల లారీ సరుకుకు లెక్కగడితే బి1 పరిమితి 20 మిల్లీగ్రాములు. సుమారుగా ఒక బియ్యపు గింజ బరువు.

ఆ గింజంత విషం లారీ అంతటా సమానంగా పరుచుకుని ఉండదు. ఒక బస్తా అడుగున చెమ్మ తగిలిన నాలుగు కాయల్లోనే మొత్తం ఉండొచ్చు. పైనుంచి గుప్పెడు తీసి పరీక్షిస్తే సరుకంతా శుభ్రమని తేలుతుంది. యంత్రం తప్పు చెప్పదు, మనం దానికిచ్చిన గుప్పెడే తప్పు. అందుకే చాలా బస్తాల్లో పైన, నడుమ, అడుగున తీసిన కాయలన్నిటినీ కలిపి మెత్తగా పొడి చేస్తారు. కుప్ప పోసి నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు ఉంచుకుంటూ నమూనాను తగ్గిస్తారు. ఈ పరీక్షలో పెద్ద తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ మెట్టు దగ్గరే.

గొట్టంలో వల

పొడిని నీళ్లు కలిపిన మిథనాల్‌లో బాగా కలిపి వడకడతారు. విషంతో పాటు మూలికలోని రంగులు, వగరు, జిగురు అన్నీ అందులోకి దిగుతాయి. ఈ ద్రవాన్ని పలచబరిచి, వేలెడంత గొట్టంలోంచి పోనిస్తారు. అందులో అఫ్లాటాక్సిన్‌ను మాత్రమే ఒడిసిపట్టే యాంటీబాడీలుంటాయి. మిగిలినవి నీళ్లతో కడిగితే పోతాయి. చివరికి శుద్ధ మిథనాల్ పోస్తే పట్టు వదిలి విషం కిందికి దిగుతుంది.

తర్వాతిది హెచ్‌పీఎల్‌సీ యంత్రం. నాలుగు రకాల విషాలూ అందులోని సన్నని గొట్టం దాటి ఒక్కొక్కటీ ఒక్కో సమయానికి బయటికి వస్తాయి. అతినీలలోహిత కాంతి తగిలితే రెండు నీలంగా, రెండు ఆకుపచ్చగా మెరుస్తాయి. ఆ రంగుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలే బి, జి. ఎంత మెరిస్తే అంత విషం. బి1, జి1 నీళ్లలో మసకగా మెరుస్తాయి కాబట్టి, కొలవబోయే ముందు బ్రోమిన్‌తో చర్య జరిపించి మెరుపు పెంచుతారు.

వేరుశనగకు సాఫీగా నడిచే ఈ పద్ధతి మూలికల దగ్గర తడబడుతుంది. పసుపుకు సొంత మెరుపుంది. కరక్కాయకు వగరుంది. కరక్కాయ ముక్క నమిలితే నోరు పట్టేసినట్టు ఉంటుంది కదా, వగరులోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేయడం వల్లే అది. యాంటీబాడీలు కూడా ప్రొటీన్లే. నోట్లో జరిగిందే గొట్టంలోనూ జరిగితే వల పనిచేయదు, విషం జారిపోతుంది, నివేదికలో సున్నా పడుతుంది.

అందుకే నిజాయతీగల ప్రయోగశాల ముందు తనను తానే పరీక్షించుకుంటుంది. శుభ్రమైన కరక్కాయ పొడిలో తెలిసిన మోతాదు విషం కలిపి, అంతా తిరిగి దొరుకుతోందా అని చూస్తుంది. పదిపాళ్లు కలిపితే మూడే దొరికాయంటే ఆ పద్ధతి ఆ మూలికకు పనికిరాదు. ప్రతి మూలికకూ ఈ పరీక్ష విడిగా జరగాలి.

ఎండే అసలు మందు

పరీక్ష విషాన్ని చూపిస్తుంది, తీసేయలేదు. బూజుకు కావలసింది చెమ్మ. సేకరించిన కాయలను వెంటనే, మట్టి నేల మీద కాకుండా తట్టు మీదో గచ్చు మీదో గలగలలాడేదాకా ఆరబెడితే బూజుకు చోటుండదు. ఏజెన్సీ అడవుల్లో కరక్కాయ, ఉసిరి ఏరే గిరిజనుల చేతిలోనే ఈ సరుకు నాణ్యత తొలుత నిర్ణయమవుతుంది. బాగా ఎండిన కాయకు మంచి ధర దక్కడం, ఆరబెట్టడానికి గచ్చు దొరకడం ప్రయోగశాలలో యంత్రమంత అవసరం.

ఇంట్లో మనం చేయగలిగినవీ ఉన్నాయి. చూర్ణం కన్నా కాయ కొనడం, పగలగొట్టి లోపల చూడడం, కొద్దికొద్దిగా తెచ్చుకుని చెమ్మ తగలకుండా దాచడం. బూజు పట్టిన కాయను తుడవకుండా పారేయడం. కామెర్లు తగ్గుతాయని ఎండు నేల ఉసిరి పొడి తినే మనిషి కాలేయం అప్పటికే అలసి ఉంటుంది. నయం చేస్తుందని నమ్మి తినే ఆ పొడిలోనే కాలేయాన్ని కుళ్లబెట్టే విషం ఉండకూడదు.